తొలి కుండ... చోడి మొలక!
పసిబిడ్డకు రాగిమాల్టు ఎలాగో కొరాపుట్ కొండల్లో లందా అలాగే

కొరాపుట్: బిడ్డకు ఆరో నెల దాటితే మన ఇళ్లల్లో అమ్మమ్మలు చోళ్లు నానబెడతారు. తడిగుడ్డలో మూట కట్టి, మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టి పిండి కొట్టిస్తారు. రాగిమాల్టు అంటే అదే కదా! ఈ కొండల్లోని పరజా, గదబ ఇళ్లల్లోనూ చోళ్లను అచ్చం అలాగే మొలకెత్తిస్తారు. కాకపోతే ఆ పిండి గిన్నెలోకి కాకుండా మట్టికుండలోకి పోతుంది. నాలుగైదు రోజులాగితే లందా తయారు.

చూడ్డానికి పల్చటి అంబలిలా తెల్లగానో, మసక రంగులోనో ఉంటుంది కనుక కొత్తవాళ్లు దీన్ని కల్లు అనేసుకుంటారు. చెట్టుకు గీసి దింపేది కల్లు. మన్యంలో జీలుగు కల్లు రుచి తెలియనివాళ్లు తక్కువ. గింజను మొలకెత్తించి పులియబెట్టేది బీరు. ఆ లెక్కన లందా నూటికి నూరుపాళ్లు బీరే!

వేడి మీద వేస్తే అంతే సంగతులు

మొదటిసారి కుండ పెట్టే ఆడపిల్లకు పెద్దవాళ్లు ముందు నేర్పేది మొలక పని. చోళ్లు ఒక రాత్రి నానాలి. రెండు మూడు రోజులు మూటలో ఉంచి అప్పుడప్పుడూ నీళ్లు చిలకరించాలి. తెల్లగా సన్నటి మొలక కనిపించగానే తీసి ఆరబోయాలి. బూజు వాసన వచ్చిందా, ఆ మూట మొత్తం పారబోయాల్సిందే. బాగున్నవి ఏరుకుందాం అంటే కుదరదు.

తర్వాత బియ్యప్పిండో చోడిపిండో తడిపి, మరుగుతున్న నీళ్ల కుండ మీద వెదురు బుట్ట పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. ఉడికిన ముద్దను చిదిపి ఆరనిచ్చి, నీళ్లూ కాస్త మొలకపిండీ కలిపి కుండలో పోస్తారు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. తొందరపడి, సెగలు కక్కే ముద్దలో మొలకపిండి వేసేస్తారు. మర్నాడు చూస్తే తీపి లేదు, పొంగు లేదు. పిండీ పోయింది, శ్రమా పోయింది.

కారణం ఏమిటంటే, పిండిని ఈస్టు నేరుగా తినలేదు. దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు అందులో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఎక్కువ వేడి తగిలితే అవి చచ్చిపోతాయి. పెద్ద పెద్ద కంపెనీలు బార్లీని మొలకెత్తించి, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో మీటర్లు పెట్టి చూసుకునేది కూడా ఈ ఎంజైముల కోసమే. గదబ ముసలమ్మకు మీటరు లేదు. ముద్దలో చెయ్యి పెట్టి చూస్తుంది. చెయ్యి హాయిగా ఓర్చుకుంటే మొలకపిండి వెయ్యొచ్చు.

ఒడిశా ఉత్తరాన సంతాలీలు హండియాకు 'రాను' అనే మందుబిళ్లలు వాడతారు. ఇక్కడ లందాకు మొలకే ఆధారం. ఈస్టు సంగతంటారా, అది గింజ మీదా గాలిలోనూ ఉండేదే. వాడిన కుండ గోడలకూ అంటుకుని ఉంటుంది. తొలిసారి పెట్టేవాళ్లకు పాత కుండ దొరికితే సగం గండం గడిచినట్టే. మూత బిగించకూడదు, లోపల గాలి పుడుతుంది. రెండో రోజు కుండకు చెవి ఆనిస్తే సన్నగా బుసబుసమంటుంది. ఎండాకాలం త్వరగా పులుస్తుంది, చలికాలం ఆలస్యం. అదను దాటితే పులుపెక్కి తాగడానికి పనికిరాదు.

ఉగాండా నుంచి సిక్కిం దాకా

చోడి పంట పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచి మన దేశానికి వచ్చింది. ఉగాండాలో టేసో జాతివాళ్లు ఈనాటికీ చోళ్లతో 'అజోన్' అనే బీరు చేసి, ఒకే కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో పీలుస్తారు. సిక్కిం, తూర్పు నేపాల్ లింబూలు పులిసిన చోళ్ల మీద వేడినీళ్లు పోసుకుని 'తోంగ్బా' తాగుతారు. కొరాపుట్‌లో ఆనపకాయ బుర్రో, ఆకు దొన్నో చాలు.

ఇంటికే సడలింపు

శుక్రవారం కుండులి సంత లాంటి చోట్ల కూరగాయల వరసలు దాటి వెళ్తే ఆడవాళ్లు కుండలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆ చిల్లరే వాళ్లకు ఉప్పూ నూనే. అసలు చిక్కూ అక్కడే. చట్టం గింజతో పులియబెట్టిన పానీయాన్ని 'పచ్వాయి' అంటుంది. బిహార్-ఒరిస్సా ఎక్సైజు చట్టం వచ్చిన 1915 నాటి మాట అది. గిరిజనులు ఇంటి వాడకానికీ, పండగలకూ కాచుకోవచ్చు గానీ అమ్ముకోకూడదని కేంద్రం 1970ల మధ్యలో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలను నియంత్రించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కొరాపుట్, రాయగడ రెండూ పూర్తిగా షెడ్యూల్డు జిల్లాలే.

మనవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ సడలింపు ఆదివాసీలకే. జైపూరులోనో రాయగడలోనో స్థిరపడిన తెలుగు కుర్రాడు వీడియోలు చూసి, బార్లీ తెప్పించుకుని మేడ మీద బీరు పెడతానంటే లైసెన్సు లేని తయారీ కిందికే వస్తుంది.

సారాతో కలిపి చూస్తే ఎలా?

పోలీసు దాడుల వార్తల్లో అన్నింటినీ 'నాటు' అని ఒకే గాటన కట్టేస్తుంటారు. లందా పొయ్యి మీద కాచి ఆవిరి పట్టేది కాదు. పులవడంతోనే ఆగుతుంది కనుక సారా అంత ఘాటు రానే రాదు. సారా తీరు వేరు. బెల్లపు ఊటలో యూరియా కలిపేవాళ్లున్నారు. 1992లో కటక్‌లో కల్తీసారా 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందులో కలిసింది మిథైల్ ఆల్కహాల్. అదే ఏడాది మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచింది కూడా సారా మీదే. అలాగని లందా ఎంత తాగినా ఏం కాదనుకోవద్దు. కుండ చిన్నదైనా మత్తు మత్తే, ఇల్లు గుల్లయ్యేదీ దానితోనే.

ఇంకో బెంగ చోళ్ల గురించి. కొండవాలు పొలాల్లో వరి, నీలగిరి పెరిగి చోడి తగ్గిన కాలం ఒకటి నడిచింది. 2017లో ఒడిశా చిరుధాన్యాల మిషన్ మొదలైంది. కొరాపుట్, రాయగడ తొలివిడతలోనే ఉన్నాయి. 2024-25కు కేంద్రం రాగులకు క్వింటాలు 4,290 రూపాయల మద్దతు ధర కట్టింది. బస్తా మండీకి పోతే చేతికి డబ్బులు. కుండలోకి పోతే చైత్ పరబ్‌కు చుట్టాల ముందు పరువు. రెండింటికీ సరిపడా పండితేనే కూతురికి కుండ పని నేర్పే తీరిక తల్లికి దొరుకుతుంది. ప్యాకెట్టు సారా కొనుక్కోవడానికి నేర్చుకోవాల్సిందేమీ లేదు మరి!

తొలి కుండ మూత తీసిన రోజు ముందుగా నాలుగు చుక్కలు నేల మీద వదులుతారు, పోయిన పెద్దలకు. తర్వాతి గుక్క ఇంట్లో ముసలమ్మది. ఆవిడ ముఖం చిట్లిస్తే ఆ కుండ పందుల పాలు. మారు మాట్లాడకుండా బుర్ర మళ్లీ చాపితే పిల్లకు పని వచ్చినట్టే.