కారులో బూజు.. తుడిస్తే పోదు!
చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడితేనే శాశ్వత పరిష్కారం

పెంటపాడు: వర్షాకాలంలో నాలుగు రోజులు కదలకుండా ఉన్న కారు తలుపు తెరవగానే గుప్పుమనే ముక్కవాసన, స్టీరింగ్‌పై తెల్లని పొడి, సీటు బెల్టుపై నల్లని చుక్కలు.. డెల్టా గ్రామాల్లో కారున్న ఇళ్లకు ఇది ఏటా ఎదురయ్యే అనుభవమే. తడిగుడ్డతో తుడిచి, అద్దం ముందు సెంటు డబ్బా పెట్టి ఊరుకునేవారే ఎక్కువ. వారం తిరగకుండానే బూజు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కారణం ఒక్కటే. బూజును తుడిచారు గానీ, దానికి ప్రాణం పోస్తున్న నీటిని వదిలేశారు.

పెంటపాడు మండలంలోని ఓ గ్రామానికి చెందిన యువకుడు 2024 చివరలో పాత కారు కొని అద్దెకు తిప్పడం ప్రారంభించాడు. రోగులను ఏలూరు, తాడేపల్లిగూడెం ఆసుపత్రులకు తీసుకెళ్లడమే అతని ప్రధాన జీవనాధారం. కొన్న నెలకే కారులో వాసన మొదలైంది. ఏసీ వేయగానే వెనుక సీట్లో కూర్చున్నవారు దగ్గుతూ అద్దాలు దించమనేవారు. సీట్లు రెండుసార్లు కడిగించాడు. మూడు రకాల సెంట్లు మార్చాడు. ఫలితం కనిపించలేదు. చివరకు మెకానిక్ సీట్లు విప్పి నేలపై పరచిన కార్పెట్ ఎత్తి చూడగా, దాని కింది స్పాంజి నీటితో ఉబ్బి ఉంది. సీటు పట్టాల సందుల్లో మెత్తని ఒండ్రు పేరుకుంది. ఆ కారు ఎక్కడో వరదలో మునిగి తేలినదని అప్పటికి గాని అతనికి అర్థం కాలేదు.

ఈ ప్రాంతంలోనే ఎందుకు?

బూజు అనేది శిలీంధ్రం. దాని బీజకణాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. కారు తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి చేరుతూనే ఉంటాయి. అవి మొలకెత్తడానికి ఆహారం, అనుకూలమైన వేడి, చెమ్మ కావాలి. సీట్లపై పేరుకున్న చెమట, జిడ్డు, ధూళి, పిల్లలు రాల్చిన బిస్కెట్ ముక్కలు ఆహారమవుతాయి. వేడికి మన ప్రాంతంలో కొదవ లేదు. మిగిలింది చెమ్మ. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం కొనసాగితే బూజుకు అనుకూలం. బట్ట, స్పాంజి వంటివి తడిసి 24 నుంచి 48 గంటల్లోగా ఆరకపోతే బూజు మొదలవుతుంది.

ఒకవైపు కొల్లేరు, మరోవైపు గోదావరి పశ్చిమ డెల్టా కాలువలు, చుట్టూ వరి చేలు, చేపల చెరువులు. నైరుతి వానలు జూన్‌లో మొదలైతే, ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు అక్టోబరు, నవంబరు నెలల వరకు తేమను కొనసాగిస్తాయి. పగలు తేమతో నిండిన గాలి కారులో చిక్కుకుంటుంది. రాత్రి అద్దాలు, రేకు చల్లబడగానే ఆ తేమ నీటి బిందువులుగా మారి లోపలే దిగుతుంది. తెల్లవారుజామున అద్దాలకు లోపలి వైపున కనిపించే చెమ్మ ఇదే. చుక్క వాన పడకపోయినా మూసి ఉంచిన కారుకు బూజు పట్టడానికి ఇంత మాత్రం చాలు.

మన అలవాట్లూ ఇందుకు తోడవుతున్నాయి. మిల్లుకు చూపించడానికి తడి ధాన్యం సంచిని డిక్కీలో వేసుకెళ్లడం, ఐసు వేసిన చేపల డబ్బాను వెనుక సీటు కింద పెట్టడం, తడి గొడుగును, తువ్వాలును కారులోనే వదిలేయడం సర్వసాధారణం. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇళ్లలో సంక్రాంతికి మాత్రమే బయటకు తీసే కార్లు మిగిలిన నెలలన్నీ ప్లాస్టిక్ కవరు కింద మగ్గుతుంటాయి. ఆ కవరు వానను ఆపుతుంది గానీ, నేల నుంచి లేచే ఆవిరిని కూడా బయటకు పోనివ్వదు.

నీరు చేరే దారులివే

శుభ్రం చేయడానికి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడం తప్పనిసరి. సాధారణంగా పరిశీలించవలసిన చోట్లు ఇవి.

* ఏసీ నీటి గొట్టం: ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీరు చుక్కలుగా పడాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున అరగంట ఏసీ వేసినా కింద తడి కనిపించకపోతే గొట్టం పూడుకుపోయిందని అనుమానించాలి. ఆ నీరు డాష్‌బోర్డు కింద నుంచి ముందు సీటులోని వారి కాళ్ల దగ్గరకు చేరుతుంది.

* వైపర్ల కింది జాలీ: మామిడి, వేప చెట్ల కింద నిలిపే కార్లలో రాలిన ఆకులు ఇక్కడ చేరి నీటి దారులను మూసేస్తాయి. నిండిన నీరు ఏసీ గాలి దారి గుండా లోపలికి పొంగుతుంది.

* తలుపుల అడుగు రంధ్రాలు: అద్దంపై నుంచి జారిన నీరు తలుపులోకి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు పోతుంది. మట్టితో అవి మూసుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది.

* రబ్బరు బీడింగ్‌లు: ఎండకు గట్టిపడి చిట్లిన బీడింగ్ నుంచి వాననీరు కారుతుంది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే, తేలికగా జారివచ్చిన చోట బీడింగ్ పట్టు తప్పినట్లే.

* డిక్కీ అడుగు: స్టెప్నీ టైరు ఎత్తి చూడాలి. ఆ గుంటలో నీరు నిలిచి ఉండటం తరచూ కనిపించేదే.

ముందు ఆరబెట్టడం.. తరువాతే శుభ్రత

లీకు సరిచేయించిన తరువాత ఎండ కాసే రోజు చూసుకుని పని మొదలుపెట్టాలి. ఎన్-95 మాస్కు, రబ్బరు చేతి తొడుగులు ధరించాలి. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు దూరంగా ఉండటం శ్రేయస్కరం. నాలుగు తలుపులు, డిక్కీ తెరిచి, మ్యాట్లు తీసి కారును ఎండలో ఉంచాలి. కార్పెట్‌ను అరచేతితో గట్టిగా నొక్కి చూడాలి. పైన పొడిగా అనిపించినా కింది స్పాంజి తడిసి ఉండవచ్చు. నొక్కినప్పుడు చెమ్మ తగిలితే కార్పెట్ ఎత్తి, కింద పాత వార్తాపత్రికలు దూర్చి, తడిసినప్పుడల్లా మారుస్తూ ఫ్యాను పెట్టాలి. స్పాంజి పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. తొందరపడితే మొదటికే మోసం.

సీట్లు విప్పవలసి వస్తే మెకానిక్‌కే అప్పగించాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లతో ఉండే తీగలు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినవి. బ్యాటరీ తీయకుండా వాటిని కదిలించరాదు.

ఆరిన తరువాత బూజును పొడిగా దులపకూడదు. బీజకణాలు కారంతా వ్యాపిస్తాయి. కొద్దిగా తడిపిన గుడ్డతో అద్ది తీయాలి, ఆ గుడ్డను మళ్లీ వాడకుండా పారేయాలి. వాక్యూమ్ క్లీనర్ వాడితే దాని సంచిని ఇంటి బయటే ఖాళీ చేయాలి. బట్ట సీట్లను సబ్బు నురుగుతో మెత్తని బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. నీళ్లు గుమ్మరించి కడగడం వల్ల స్పాంజి మళ్లీ తడిసి కథ మొదటికొస్తుంది. డాష్‌బోర్డు, స్టీరింగ్, తలుపుల ప్లాస్టిక్ భాగాలను వెనిగర్, నీరు సమపాళ్లలో కలిపి తుడవవచ్చు. మందుల దుకాణాల్లో దొరికే స్పిరిట్ కూడా పనిచేస్తుంది. అయితే ముందుగా కనిపించని మూలన కొద్దిగా రాసి రంగు పోవడం లేదని నిర్ధారించుకోవాలి. స్పిరిట్‌కు నిప్పంటుకునే గుణం ఉన్నందున తలుపులు తెరిచే ఉంచాలి. వాసన మిగిలితే బట్ట సీట్లపై వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, మర్నాడు వాక్యూమ్ క్లీనర్‌తో తీసేయాలి.

సీటు బెల్టును చివరి వరకు లాగి, క్లిప్పు పెట్టి ఆపి, సబ్బునీటితో తుడిచి, పూర్తిగా ఆరాకే వదలాలి. తడి బెల్టు లోపలికి చుట్టుకుపోతే అక్కడే మళ్లీ బూజు పుడుతుంది.

గాలి దారిని మరిచిపోవద్దు

సీట్లు అద్దంలా మెరుస్తున్నా ఏసీ వేయగానే వాసన వస్తోందంటే బూజు గాలి దారిలో ఉన్నట్లే. చాలా కార్లలో గ్లోవ్‌బాక్స్ వెనుక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. బూజు పట్టిన ఫిల్టర్‌ను కడిగి వాడరాదు, మార్చాలి. అటు తరువాత కూలింగ్ కాయిల్‌ను మెకానిక్ చేత శుభ్రం చేయించాలి. గమ్యం చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి, ఫ్యానును మాత్రం నడవనివ్వడం మంచి అలవాటు. కాయిల్‌పై నీరు ఆరిపోతుంది. రోజూ లోపలి గాలినే తిప్పే మీట వాడకుండా, మధ్యమధ్య బయటి గాలిని రానివ్వాలి.

ఇవి చేయొద్దు

బ్లీచింగ్ ద్రావణం బట్ట సీట్లు, తోలు, సీటు బెల్టుల జోలికి పోనివ్వకూడదు. రంగు పోవడమే కాక బెల్టు నేత బలహీనపడుతుంది. ప్రమాద సమయంలో ప్రాణం నిలబెట్టవలసింది ఆ నేతే. బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గాని, ఇతర ఆమ్లాలతో గాని కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కారు వంటి ఇరుకు చోట అది మరింత ప్రమాదకరం. తేమ పీల్చుకుంటుందని పొడి సున్నం పెట్టేవారూ ఉన్నారు. నీరు తగిలితే అది విపరీతంగా వేడెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. సెంటు డబ్బా బూజును చంపదు. వాసనను కప్పిపుచ్చి, హెచ్చరికను వినపడకుండా చేస్తుంది.

భయం వద్దు.. నిర్లక్ష్యమూ వద్దు

కారులో నల్లని బూజు చూసి 2021లో కొవిడ్ సమయంలో వినిపించిన ‘బ్లాక్ ఫంగస్’ అని బెంబేలెత్తేవారున్నారు. ఆ వ్యాధి పేరు మ్యూకర్‌మైకోసిస్. అదుపులో లేని మధుమేహం ఉన్నవారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి అది అధికంగా సోకింది. వ్యాధి సోకిన కణజాలం నల్లబడటం వల్ల ఆ పేరు వచ్చిందే తప్ప, గోడలపైన, కార్లలో కనిపించే నల్లని బూజుతో దానిని ఒకటిగా చూడరాదు. అలాగని కారు బూజును తేలికగా తీసుకోవడమూ తగదు. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, దగ్గు రావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గినవారు, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు మరింత జాగ్రత్త వహించాలి. కారెక్కితే దగ్గు, దిగితే ఉపశమనం అన్నట్లుంటే కారును అనుమానించి, వైద్యుడిని సంప్రదించాలి.

పాత కారు కొనేవారికి హెచ్చరిక

2024 జులైలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు పరిసరాలను ముంచెత్తింది. అదే ఏడాది సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరదకు విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటి విపత్తుల తరువాత మునిగిన కార్లు పాలిష్ పెట్టుకుని పాత కార్ల విపణిలోకి వచ్చే అవకాశం ఉంది. కొనేముందు సీటు బెల్టును పూర్తిగా లాగి చివరన మట్టి గీత ఉందేమో చూడాలి. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల చెమ్మ గమనించాలి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చుని, తరువాత ఏసీ వేసి వాసన చూడాలి. బీమా క్లెయిముల వివరాలు అడిగి తెలుసుకోవాలి. పాత కారులో కొత్త కార్పెట్, ఘాటైన సెంటు రెండూ కనిపిస్తే రెట్టింపు జాగ్రత్త అవసరం.

సొంత కారే మునిగితే స్టార్ట్ చేయకూడదు. సిలిండర్లలోకి నీరు చేరి ఇంజిన్ దెబ్బతినే ప్రమాదముంది. ఫొటోలు తీసి బీమా సంస్థకు వెంటనే తెలియజేయాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత కారుకు జరిగిన వరద నష్టానికి పరిహారం రాదు. సమగ్ర బీమా ఉండాలి.

నివారణే మేలు

* వారానికి ఒకసారైనా ఎండ పూట తలుపులు తెరిచి గంటసేపు గాలి ఆడనివ్వాలి.
* తడి వస్తువులను ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి తీసుకెళ్లాలి, దిగగానే బయటకు తీయాలి.
* ఎక్కువ రోజులు నిలిపితే గాలి ఆడే బట్ట కవరు, సిమెంటు నేల ఉన్న షెడ్డు మేలు.
* సిలికా జెల్ సంచులు కొంత తేమను పీల్చుకుంటాయి. అవి లీకుకు మందు కావు.
* తొలకరికి ముందే బీడింగ్‌లు, వైపర్ల జాలీ, ఏసీ గొట్టం పరీక్షించుకోవాలి.

పైన చెప్పిన అద్దె కారు యువకుడు చివరకు కింది స్పాంజి మొత్తం తీయించి కొత్తది వేయించుకున్నాడు, క్యాబిన్ ఫిల్టర్ మార్పించాడు. వాసన పోయింది. ఆసుపత్రి ప్రయాణికులు అద్దాలు దించమనడం మానేశారు. అయితే ఒండ్రు చేరిన తీగల్లో తుప్పు ఎప్పుడు బయటపడుతుందోనన్న దిగులు మాత్రం అతనికి మిగిలిపోయింది. కొనేరోజే ఒక్కసారి సీటు బెల్టు చివరి వరకు లాగి చూసి ఉంటే ఈ కష్టం తప్పేదని అతను అంటున్నాడు.