సొంత సంస్థలో సొంత జీతమెంత?

పనివారికి ఒకటో తారీఖున జీతాలిస్తారు. మరి యజమానికో? విజయవాడ ఆటోనగర్ షెడ్డులోనైనా, హైదరాబాద్ టీ-హబ్‌లోని అంకుర సంస్థలోనైనా తేల్చుకోవలసిన ప్రశ్నే ఇది.

జీతం రాసుకోకపోతే లెక్క తప్పుతుంది. నెలకు 20 వేలు మిగిలిందనుకుందాం. అదే పని మరొకరిచేత చేయిస్తే 30 వేలు ఇవ్వాలంటే, అది లాభం కాదు, 10 వేలు నష్టం.

అలాగని ఎక్కువా తీసుకోరాదు. చేతిలో 12 లక్షలుండి, నెల ఖర్చు లక్ష అయితే సంస్థ ఏడాది నిలుస్తుంది. యజమాని 50 వేలు తీసుకుంటే ఎనిమిది నెలలే.

భాగస్వాములైతే చిక్కు మరీ ఎక్కువ. 1932 నాటి చట్టం ప్రకారం ఒప్పందంలో లేకుంటే పొద్దస్తమానం కష్టపడే భాగస్వామికీ జీతం అడిగే హక్కు లేదు. తగాదాలు అక్కడే మొదలు. పత్రంలో రాసుకుంటే ఆదాయపు పన్ను లెక్కలో ఆ జీతాన్ని ఖర్చుగా చూపవచ్చు. 2024 బడ్జెట్ ఈ పరిమితిని పెంచింది: మొదటి 6 లక్షల లాభంపై 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది, ఆపైన 60 శాతం. ఒక్కరే యజమాని అయితే ఈ వెసులుబాటు లేదు.

ఇల్లు గడిచేంత తీసుకోవాలి. తీసుకున్నది రాయాలి. ముందే రాసుకుంటే స్నేహమూ మిగులుతుంది, సంస్థా మిగులుతుంది.