కళాశాల క్రీడగా ఈ-స్పోర్ట్స్

క్రీడ యనగా మైదానమున చెమటోడ్చి పరుగిడుటయే యని తలచు పెద్దలకు, కంప్యూటరు ముందు కూర్చుండి మౌసు కదలించు విద్యార్థికి క్రీడావేతన మొసగుట వింతగా తోచవచ్చును. కాని అమెరికాలోని షికాగో నగరమున రాబర్ట్ మోరిస్ విశ్వవిద్యాలయము 2014లో ఆ పనియే చేసెను. ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అను ఆటలో నేర్పరులను ఎంపిక చేసి, కళాశాల జట్టుగా కూర్చి, వారి బోధనరుసుములోను, వసతి భోజనముల వ్యయములోను సగము వరకు తానే భరింతునని ప్రకటించెను. 2016లో ఇర్విన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఈ క్రీడకై ప్రత్యేకశాలను నెలకొల్పెను. ఆ యేడే ఈ-స్పోర్ట్స్ జట్లు గల కళాశాలలకు ఒక జాతీయ సంఘ మేర్పడెను.

ఐదుగురేసి ఆటగాండ్రతో రెండు జట్లు తలపడు ఈ ఆటయందు క్షణములో నిర్ణయించు చురుకుదనమును, చేతి నేర్పును, సహచరుని ఎత్తుగడ నెఱిగి మెలగు ఐకమత్యమును, దీర్ఘసాధనయు ఆవశ్యకములు. చదరంగమును క్రీడగా మన్నించిన లోకము దీనిని వట్టి కాలక్షేపమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

అయినను అమెరికా కళాశాలాక్రీడలకు పెద్దదిక్కైన ఎన్‌సీఏఏ, ఈ-స్పోర్ట్స్ బాధ్యతను చేపట్టు విషయమును 2019లో పక్కన బెట్టెను. బహుమతి ధనమునకు అలవడిన ఆటగాండ్రు, ఔత్సాహికులకే ఉద్దేశించిన నియమములకు ఒదుగుట కష్టము. స్త్రీపురుషులకు సమానావకాశము నీయవలెనను 1972 నాటి చట్టము కలదు, కాని జట్లలో యువతుల సంఖ్య స్వల్పము. కొన్ని ఆటలయందలి హింస వేఱొక యభ్యంతరము. వీని కన్నిటికంటె మౌలికమైన చిక్కు మఱియొకటి కలదు: ఫుట్‌బాల్ ఎవరి సొత్తును గాదు, ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ రయట్ గేమ్స్ కంపెనీ సొత్తు. నియమములు మార్చుటకును, పోటీల ననుమతించుటకును అధికారము కంపెనీదైనప్పుడు, కళాశాలకు తన మైదానముపై తనకే పెత్తనము లేకపోవును.

మన దేశమున 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఈ-స్పోర్ట్స్‌ను బహుక్రీడోత్సవములలో భాగముగా గుర్తించి క్రీడల మంత్రిత్వశాఖ కప్పగించెను. మఱుసటి యేట హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీనికి పతకములును ఈయబడెను. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు నిషేధించిన ఆన్‌లైను పందెపుటాటలతో వీనిని కలగలుపరాదు.

కావున మన కళాశాలలును వీనికి క్రీడాగౌరవ మీయవచ్చును. అయితే హాజరు, మార్కులు, సాధనవేళలు, బాలికల ప్రవేశము అను విషయములలో నియమములను ముందుగా తామే ఏర్పరచుకొనవలెను. నియమము లేని గుర్తింపు విద్యార్థికి గాక కంపెనీకి మాత్రమే లాభము చేకూర్చును.