ముందు ఎముకలు, తరవాత ఇంజను

ఈసారి పండుగ గురించి కాదు, కారు గురించి రాస్తున్నాను. డర్బన్‌లో మా గుడి బడిలో తెలుగు నేర్చుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను షార్జాలో బడిపంతులుని. ఈ మధ్య అతను 1966 నాటి ఫోర్డు మస్టాంగ్ కొన్నాడు. దానిలో ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజను. 3.3 లీటర్లు, 120 గుర్రాల బలం. అది తీసేసి, 390 అనే పెద్ద వీ-ఎయిట్ ఇంజను పెడతానంటాడు. అది 6.4 లీటర్లు. "ఇంజను దొరికింది మాస్టారూ, ఇక పెట్టడమే" అని ఫోన్ చేశాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి కోరిక ఉన్నవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. డర్బన్ వాళ్ళకైతే చెప్పనక్కర లేదు. 1973లో మన దేశంలోనే షెవర్లే ఫిరెంజా అనే చిన్న కారులో అమెరికా కమారో 302 ఇంజను పెట్టి, కాన్-ఆమ్ పేరుతో 100 కార్లు అమ్మారు. ఆ కారు పేరు ఎత్తితే మా పెదనాన్న ఇప్పటికీ అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడతాడు. కాబట్టి ఈ వ్యాసాన్ని మీ ఇంట్లో కుర్రవాళ్ళకు పైకి చదివి వినిపించండి.

మొదట ఒక సంగతి. లారీకి అడుగున రెండు పొడుగాటి ఇనుప దూలాలు ఉంటాయి. వాటికి అడ్డంగా మరికొన్ని దూలాలు. దాన్నే చట్రం అంటాం. ఎద్దుబండికి కూడా అంతే, రెండు నొగలు, మధ్య అడ్డకర్రలు. బరువంతా చట్రం మోస్తుంది. పైన ఉన్నది ఊరికే కూర్చుంటుంది.

మస్టాంగ్‌కు ఇలాంటి చట్రం లేదు. 1964లో ఫోర్డు వాళ్ళు దాన్ని ఫాల్కన్ అనే చిన్న కారు ఆధారంగా తయారు చేశారు. రేకులన్నీ కలిపి అతికిన డబ్బా అది. ముందు భాగంలో రెండు దూలాలు ఉంటాయి, ముందు సీటు కాళ్ళ దగ్గరకు వచ్చి ఆగిపోతాయి. వెనక భాగంలో రెండు దూలాలు ఉంటాయి, వెనక సీటు దగ్గర మొదలవుతాయి. మధ్యలో ఏముంది? నేల రేకు, తలుపుల కింద గడపలు, పైన కప్పు. అంతే.

అగ్గిపెట్టె తీసుకోండి. లోపలి అర తీసేసి, పై డబ్బాను రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పండి. ఎంత తేలికగా మెలి పడుతుందో చూశారా? పెద్ద ఇంజను పెట్టిన మస్టాంగ్‌కు జరిగేది ఇదే. 1967లో వచ్చిన 390 ఇంజను మెలితిప్పే బలం 427 పౌండ్-అడుగులు. అడుగు పొడవున్న పానా చివర 427 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎంతో అంత. మామూలు 289 వీ-ఎయిట్‌కు ఆ బలం 282. పైగా మొదటి గేరులో ఈ బలం రెట్టింపు కంటే ఎక్కువ అవుతుంది. ఇంజను చక్రాలను ఒక వైపు తిప్పుతుంటే, కారు శరీరాన్ని రెండో వైపు తిప్పుతుంది. ఎడమవైపు ముందు మూల పైకి లేస్తుంది. మొదట తలుపు సరిగ్గా పడదు. తరవాత కప్పును మోసే స్తంభం మొదట్లో రంగు చీలుతుంది. ఆ తరవాత రేకు చీలుతుంది.

షార్జా పారిశ్రామిక వాడలో మన కుర్రవాడు పట్టుకున్న మెకానిక్ బెజవాడ ఆటోనగర్‌లో లారీల కింద పని నేర్చుకున్నాడు. నేను "చట్రము" అంటే ఆయనకు నవ్వు వచ్చింది. "అది పుస్తకం మాట మాస్టారూ, మేం ఛాసీ అంటామండి" అన్నాడు. కానీ ఇరుసు ఆయనకూ ఇరుసే. ఆకుల్లా ఒకదాని కింద ఒకటి పేర్చిన స్ప్రింగులను కమాన్ కట్టలు అంటాడు. ఆ మాట నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మీరూ రాసుకోండి, గుడి బడి పుస్తకాల్లో దొరకదు.

ఆయన కారు కిందికి దూరి, బయటికి వచ్చి, ముందు చక్రానికి ఉన్న బోల్టులు లెక్కపెట్టమన్నాడు. నాలుగు. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు చక్రానికి నాలుగు బోల్టులే ఉంటాయి. వీ-ఎయిట్ కారుకు అయిదు. బోల్టు ఒక్కటే తేడా కాదు. నాలుగు బోల్టుల కారుకు బ్రేకులు చిన్నవి, వెనక ఇరుసు సన్నది. అంటే ఇంజనుకు పెట్టిన డబ్బు కంటే ముందు ఇరుసుకు, బ్రేకులకు, ముందు చక్రాల కీళ్ళకు డబ్బు పెట్టాలి. పాత మస్టాంగ్ కొనబోయే ప్రతివారూ ముందు వంగి బోల్టులు లెక్కపెట్టాలి. బానెట్ ఎత్తి చూడడం దాని తరవాతే.

రెండో కబురు ఇంకా చేదు. 1966 కారులో 390 పట్టదు. ఇంజనుకు రెండు వైపులా షాక్ టవర్లు అనే రేకు గూళ్ళు ఉంటాయి. ముందు స్ప్రింగుల బరువు వాటి మీదే పడుతుంది. వాటి మధ్య చోటు చాలదు. ఫోర్డు వాళ్ళకు కూడా చాలలేదు. అందుకే 1967లో కారునే వెడల్పు చేసి 390 పెట్టారు. 1969లో బాస్ 429 అనే ఇంకా పెద్ద ఇంజను పెట్టేటప్పుడు ఆ టవర్లనే మార్చాల్సి వచ్చింది, బ్యాటరీని డిక్కీలోకి పంపాల్సి వచ్చింది. టవర్లు కోసేసి ఇంజను కూర్చోబెడతామనేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. కోసిన చోట వేరే ముందు సస్పెన్షన్, దాన్ని మోసే కొత్త దూలాలు పెట్టకపోతే, గోడ పడగొట్టి పైకప్పు నిలుస్తుందనుకోవడమే.

మూడు రోజులు ఆలోచించి కుర్రవాడు 302కు ఒప్పుకున్నాడు. 5 లీటర్లు. 390 కంటే సుమారు 80 కిలోలు తేలిక. టవర్ల మధ్య చక్కగా పడుతుంది. ముఖం కొంచెం చిన్నబోయింది. అయినా బలపరిచే పని మాత్రం పెద్ద ఇంజనుకు చేసినట్టే చేయమన్నాను. మీరు చేయించుకున్నా అదే చెబుతాను.

ఆ పని ఎలా చేస్తారంటే, ముందు దూలం ఆగిన చోటికీ వెనక దూలం మొదలైన చోటికీ మధ్య చదరపు ఇనుప గొట్టాలు అతుకుతారు. వాటిని సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు అంటారు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. కారును మధ్యలో ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుంటే అతికేస్తారు. అప్పుడు కారు కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు అలాగే శాశ్వతంగా బిగుసుకుపోతుంది. "బండి బరువు చక్రాల మీద ఉండగానే అతకాలండి. మంచం మీద పడుకున్న మనిషికి చొక్కా కొలత తీస్తామా?" అన్నాడు మెకానిక్. అందుకే కారును ఇరుసు దగ్గర, ముందు చక్రాల దగ్గర మోయించి నిలబెట్టారు. బ్యాటరీ విప్పారు, తివాచీలు తీశారు, పెట్రోలు ట్యాంకు దించారు. ఒకే చోట పొడుగ్గా వెల్డింగ్ చేస్తే రేకు వేడికి ముడుచుకుంటుంది. అందుకని ఇక్కడ ఒక అంగుళం, అక్కడ ఒక అంగుళం, ఆరనిస్తూ అతికారు.

జులైలో రేకుల షెడ్డు కింద, కారు కింద పడుకుని, తోలు చేతితొడుగులతో చేసే పని ఇది. ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో బయట పని చేయించకూడదు. షెడ్డు నీడలో పనికి ఆ నియమం లేదు. ఆయన తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికి ఆపేసేవాడు. ఆలస్యం అవుతోందని కుర్రవాడు ఒకసారి విసుక్కుంటే, నేను ఒప్పుకోలేదు.

ముందు భాగంలో టవర్లకూ, వాటి వెనక అడ్డు రేకుకూ మధ్య ఒక బలమైన ముక్క బిగించారు. దీని పేరు ఎక్స్‌పోర్ట్ బ్రేస్. అంటే పరదేశానికి ఎగుమతయ్యే కార్లకు వేసినది. అమెరికాలో అమ్మే కార్లకు రెండు పలచటి పట్టీలే సరిపోయేవి. గతుకుల రోడ్లున్న దేశాలకు పోయే కార్లకు ఫోర్డు వాళ్ళు ఈ ఒంటిముక్క వేసి పంపారు. దూరం పోయే బండికి అదనపు బలం కావాలని వాళ్ళకు తోచింది. మన ముత్తాతలను ఓడ ఎక్కించిన వాళ్ళకు తోచలేదు.

ఇక వెనక కమాన్ కట్టలు. ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు ముక్కు పైకి లేస్తుంది, కమాన్లు ఎస్ అక్షరంలా వంగి మళ్ళీ విడతాయి. చక్రం నేల మీద టపటపా ఎగురుతుంది. 1968లో 428 కోబ్రా జెట్ మస్టాంగ్‌లలో నాలుగు గేర్ల వాటికి ఫోర్డు వాళ్ళు ఒక షాక్ అబ్జార్బర్ ఇరుసుకు ముందు, ఒకటి వెనక పెట్టారు. ఆ ఎగరడం తగ్గించడానికే. మన కుర్రవాడి కారుకు గట్టి కమాన్లు, అయిదు బోల్టుల ఇరుసు వేశారు. ముందు స్ప్రింగులు మార్చారు, డిస్క్ బ్రేకులు పెట్టారు. ఈ ఎండకు రేడియేటర్ కూడా పెద్దదే కావాలి.

ఇక్కడి వాళ్ళకు ఈ గొడవ తక్కువ. లివా దగ్గర మొరీబ్ అనే ఇసుక కొండ ఉంది, సుమారు 300 మీటర్ల ఎత్తు. దాన్ని ఎక్కే పోటీలకు ఎక్కువగా నిస్సాన్ పెట్రోల్ జీపులే వస్తాయి. వాటికి లారీలాగే అడుగున నిజమైన చట్రం ఉంది, ముందూ వెనకా గట్టి ఇరుసులున్నాయి. ఏ ఇంజను పెట్టినా మోయడానికి మొదలంటూ ఒకటి ఉంది.

ఎమిరేట్స్‌లో ఉన్న పాఠకులకు ఒక మాట. పని మొదలుపెట్టకముందే అనుమతి తీసుకోండి. 2017 నాటి సమాఖ్య నిబంధనల ప్రకారం, అనుమతి లేకుండా ఇంజనో ఛాసీయో మారిస్తే 1,000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. మన కుర్రవాడి కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. ఇంజను పెట్టెలోనే ఉంది.

మీ దగ్గర పాత కారు ఉంటే, ఈ ఆదివారం ఒక పని చేయండి. చదునైన నేల మీద కారు ఆపి, తలుపు తెరిచి మూయండి. ఎలా పడిందో చెవితో వినండి. తరవాత ముందు దూలం కింద, ఒక మూలన, జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా ఎత్తండి. కారు కిందికి ఎవరూ వెళ్ళవద్దు. బయట నిలబడే తలుపును మెల్లగా తెరిచి మూయండి. ముందులాగే పడితే సరే. ఎత్తి నెట్టాల్సి వస్తే, ఇంజను కోసం దాచిన డబ్బు ముందు వెల్డింగ్ చేసే వాడికి ఇవ్వండి.