పత్తిగింజలో కుడి ఎడమలు

చిలకలూరిపేట ప్రాంతపు నల్లరేగడి చేలలో పండిన పత్తి జిన్నింగుమిల్లు చేరగానే దూది ఒక దారిని, గింజ మరొక దారిని పోవును. గింజనుండి నూనె తీయుదురు. మిగిలిన చెక్కను గేదెలకు పెట్టుదురు. పాడిగేదె దానిని చక్కగా జీర్ణించుకొనును. అదే చెక్కను లేగదూడకో కోడిపిల్లకో మితిమీరి పెట్టినచో హాని కలుగును. కారణము గింజలోని గాసిపాల్ అను పసుపుపచ్చని పదార్థము. పురుగులనుండి తన్ను కాపాడుకొనుటకై పత్తిమొక్క దానిని తయారుచేసుకొనును. నూనెను శుద్ధిచేయునపుడు అది తొలగిపోవును గాని చెక్కలో కొంత మిగులును.

గాసిపాల్ అణువులో సమానమైన రెండు భాగములు ఒకే బంధముతో కలిసియున్నవి. ప్రక్కనున్న పరమాణువులు అడ్డుతగులుటచే అవి ఆ బంధము చుట్టు స్వేచ్ఛగా తిరుగజాలవు. అందుచే ఒకవైపు మెలిదిరిగిన రూపమొకటి, ఎదురువైపు మెలిదిరిగిన రూపమొకటి కలవు. మన రెండు చేతులవలె ఒకటి మరొకదానికి అద్దములోని ప్రతిబింబము. తూకమున గాని, కరగు ఉష్ణోగ్రతయందు గాని భేదము లేదు.

భేదమును చూపునది కాంతి. ఒకే తలములో కంపించు కాంతిని ద్రావణముగుండ పంపినచో ఒక రూపము దానిని కుడికి, మరొకటి ఎడమకు త్రిప్పును. కుడి రూపము, ఎడమ రూపము అని మేము చెప్పుట ఈ అర్థముననే. సమపాళ్లలోనున్నచో ఒకదాని పనిని మరొకటి రద్దుచేయును. 1968లో, మన ఊళ్లలో నీడకు పెంచు గంగరావిచెట్టునుండి కుడి రూపము లభించినట్లు ప్రకటింపబడినది.

జీవదేహము ఈ రెండింటిని వేరువేరుగా చూచును. ఎదుగు కోడిపిల్లలకు ఎక్కువ కీడుచేయునది ఎడమ రూపము. 1970 దశకమున చైనాలో పురుషుల సంతాన నిరోధమునకై గాసిపాల్‌ను పరీక్షించిరి. ఆ గుణము ముఖ్యముగా ఎడమ రూపమునదేయని తరువాత తేలినది. కావున గింజలో గాసిపాల్ ఎంతయున్నదో తెలిసిన చాలదు. ఏ రూపము ఎంతయో తెలియవలెను.

దానికొక ఉపాయము కలదు. చీకటిలో ఏది కుడికాలో తెలియకున్న, కుడికాలి జోడు తొడిగి చూచిన చాలును. అట్లే రసాయనజ్ఞులు, మెలిక ఎటువైపో ముందే తెలిసిన ఒక అమైనును గాసిపాల్‌కు తగిలింతురు. అప్పుడేర్పడు రెండు పదార్థములు ఇక ప్రతిబింబములు కావు. వానిని సన్నని పొడి నింపిన గొట్టముగుండ ఒత్తిడితో పంపినచో ఒకటి ముందు, ఒకటి వెనుక వెలువడును. ఏది ఏదో తెలియుటకు గంగరావి గాసిపాల్‌తో పోల్చవచ్చును. ఇట్టి పరీక్షలవలననే అమెరికా జాతి పత్తిగింజలలో సాధారణముగ కుడి రూపము, ఈజిప్టు జాతిలో ఎడమ రూపము అధికమని తెలిసినది.

సగము అణువులు రెండు జతపడినపుడు, దారిచూపునది లేకున్న రెండు రూపములు సమముగా పుట్టును. మొక్కలో దారిచూపు ప్రోటీను ఒకటి కలదని 2008లో మోకో అను పత్తిరకమునందు నిరూపించిరి.

కాయతొలుచు పురుగుల జాతిని నిరోధించుటలో కుడి రూపము ఎడమదానికి తీసిపోదని పరీక్షలు చూపినవి. అనగా ఎడమ రూపము తక్కువగానున్న విత్తనమును ఎన్నుకొనినచో చేనికి రక్షణ తగ్గదు, కోళ్లకు కీడు తగ్గును. అట్టి విత్తనమును ఏరుటకు ఈ పరీక్షయే ఆధారము.