పాటల గదిలో పంతులుగారు

శంషాబాదు విమానాశ్రయమున రాత్రివేళ కొంతసేపు నిలిచి చూచినచో, పెట్టె బరువు మీరినదన్నపుడు బట్టలనైనను తీయింతురు గాని ఆవకాయ సీసాను కదలనీయని తల్లులు కనబడుదురు. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు ఇక్కడికి తరలినది మొదలు ఇది నిత్యదృశ్యము. ఆ సీసాలలో కొన్ని అమెరికాకు గాక, హాంకాంగులోనో సింగపూరులోనో విమానము మారి, దక్షిణ కొరియా చేరుచున్నవి.

ఆ దేశపు ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు చెప్పుటకు విదేశీయులను పిలుచు ప్రణాళిక 1995లో మొదలయినది. 2010 జనవరి 1న అమలులోనికి వచ్చిన భారత-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందము మన ఉపాధ్యాయులకును ఆ తలుపును కొంత తెరచినది. బడిలో అడుగు పెట్టిన నాడే వారికి ‘సొన్‌సెంగ్‌నిమ్’ అను పిలుపు దక్కును. ‘సొన్‌సెంగ్’ అనగా ముందు పుట్టినవాడు. ‘నిమ్’ మన ‘గారు’ వంటిది. వినుటకెంత ఇంపు! అయితే సహోపాధ్యాయులు రాత్రి విందుకు పిలిచిననాడు, ఆ ముందు పుట్టినవాడే అందరికన్న చివర పుట్టిన పసివాడగును.

ఆ విందును ‘హ్వేసిక్’ అందురు. బల్ల నడుమ నిప్పులు, వానిపై పందిమాంసపు ముక్కలు. వానిని కత్తెరతో కత్తిరించి, లెట్యూస్ ఆకులో వెల్లుల్లితోను, పులియబెట్టిన సోయా ముద్దతోను చుట్టి, ఒక్క కబళముగా నోట నుంచుకొనవలెను. మాంసము ముట్టనివారికి అన్నము, కూరలు, మిరపముద్ద కలిపిన ‘బిబింబాప్’ కలదు. అందును మాంసము వలదని ముందే చెప్పుకొనవలెను. పెద్దల గిన్నెలో పానీయమును రెండు చేతులతో పోయుట, వారి యెదుట త్రాగునపుడు మొగము ప్రక్కకు త్రిప్పుకొనుట అక్కడి మర్యాద. తెలుగువానికి ఇది వింతగా తోచదు. లోహపు పుల్లలతో జారిపోవు ముక్కను పట్టుటయే అసలు పరీక్ష. అందు తప్పినపుడు ప్రక్కనున్న ఉపాధ్యాయిని నవ్వి, వ్రేళ్ల నెట్లుంచవలెనో చూపును. అన్నమునకు చెంచా ఉండుట ఒక ఊరట.

ఇక కిమ్చి. చలికాలమునకు ముందు ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగును కూడి క్యాబేజీతో ఆ పచ్చడిని పెట్టు ఆచారమును యునెస్కో 2013లో మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. వేసవిలో ఆవకాయ పెట్టు ఇంటిని చూచినవారికి దీనికి వ్యాఖ్యానమక్కరలేదు. శంషాబాదు దాటివచ్చిన సీసా ఆ బల్లపై చేరినచో, రెండు ఎరుపులును బంధువులవలెనే ఉండును. ఆ మాటకు వచ్చినచో, మిరపకాయ రెండు దేశములకును పరాయిదే. అమెరికా ఖండమునుండి ఓడలెక్కి వచ్చినది.

ఈ విందులు బలవంతపు మర్యాదలని అక్కడి యువతరము విసుగుకొనుట కలదు, అది న్యాయమే. కాని పరదేశికి, ఆ పిలుపును కాదనుట అనగా తన గదిలో ఒంటరిగా కూడు తినుటయే.

భోజనము ముగిసినను రాత్రి ముగియదు. రెండవ మజిలీ ‘నొరెబాంగ్’, అనగా పాటల గది. గాయకుని కంఠమును తీసివేసి వాద్యములను మాత్రముంచు ‘కరావోకే’ జపానులో పుట్టినది; 1971లో కోబె నగరపు వాద్యకారుడు ఇనోవుయె దైసుకె చేసిన యంత్రముతో వ్యాప్తికి వచ్చినది. ఆ పేరునకు శూన్యవాద్యబృందమని అర్థము. కొరియాలో మిత్రులు మాత్రమే కూర్చుండు చిన్న గదులలో దానితో పాడుకొందురు. అచట ప్రధానోపాధ్యాయుడు గంజీర వంటి వాద్యమును మ్రోగించును. పాట ముగియగానే యంత్రము మార్కులు వేయును! పగలెల్ల మార్కులు వేసిన చేతులకు ఇది తగిన ప్రాయశ్చిత్తము.

పరదేశి వంతు వచ్చును. పట్టికలో తెలుగు పాట దొరకకున్న, వాద్యము లేకయే పాడవలెను. పల్లవిలో కంఠము వణకును. చరణమునకు వచ్చుసరికి పెద్దాయన చేతి గంజీర తాళమును పట్టుకొనును. యంత్రము మార్కులు వేయదు.