గుడిబండ కొండ మీది దొనలు

బెంగుళూరు నుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున చిక్కబళ్ళాపురము దాటినది మొదలు బాగేపల్లి చేరువరకును, బస్సు కిటికీ నుండి చూచువారికి, రాగిచేలును వేరుసెనగ పొలములును మల్బరీ తోటలును వెనుకకు జరిగిపోవుచుండగా, వాని నడుమ నేలను చీల్చుకొని లేచినట్లు నున్నని రాతిగుట్టలు ఒకదాని వెనుక నొకటి కానవచ్చును. ప్రయాణికులలో పెక్కుమంది వానిని చూచి, ఎండిన సీమ, రాళ్ళు తప్ప ఇచ్చట నేమున్నది యని తల త్రిప్పుకొందురు. ఆ రాళ్ళే ఈ సీమకు నీళ్ళిచ్చినవనియు, ఆ నీటిని పట్టి నిలుపుటకు పూర్వులు పడిన శ్రమ నేటికిని వాని మీద కంటికి కనబడుచునే యున్నదనియు తెలియవలెనన్నచో, ఒక్క ఉదయమైనను రాజమార్గమును విడిచి, ఒక్క కొండనైనను కాలినడకను ఎక్కి చూడవలెను. అట్లెక్కదగిన కొండలలో నేను మొదట పేర్కొనునది గుడిబండ.

పేరేసంద్ర వద్ద రాజమార్గమును విడిచి ఎడమకు తిరిగిన దారి గుడిబండకు చేర్చును. బెంగుళూరు నుండి దూరము వంద కిలోమీటర్లకు లోపుగనే యుండును. ఆంధ్రదేశమున మడకశిర ప్రక్కను ఇదే పేరు గల ఊరు మరియొకటి కలదు. యాత్రికులు రెంటిని కలిపి పొరపడరాదు. మనము చెప్పుకొను గుడిబండ, 2007లో కోలారు నుండి విడివడి ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలోని తాలూకా కేంద్రము. కన్నడిగులు దీనిని గుడిబండె యందురు. గుడియు బండయు రెండు భాషలవారికిని ఇంటిమాటలే కనుక ఈ పేరునకు అర్థము చెప్పుటకు దుబాసి అక్కరలేదు. అంగళ్ళ పైనున్న బోర్డులు కన్నడమున నుండును, అంగళ్ళలోని బేరము తెలుగున సాగును. బాగేపల్లి, చింతామణి, గుడిబండ సీమలలో ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము చదువుకొను కుటుంబములకు లెక్కలేదు. మన రాష్ట్రముల ఎల్లలు ఇటీవలివి. ఈ ఊళ్ళ మాట వానికంటె చాల పాతది.

ఊరిని ఆనుకొనియే కొండ. దీనికి సురసద్మగిరి యను సంస్కృత నామము కూడ కలదు. దేవతల ఇల్లైన గిరి యని దాని భావము. విజయనగర సామ్రాజ్యము కూలిన పిమ్మట ఈ ప్రాంతమున కొండకొక పాళెగాడు తలయెత్తి, ఎవరి గుట్టను వారు కోటగా మలచుకొని యేలిన కాలమున, పదునేడవ శతాబ్దిలో, బైరేగౌడ యను నాయకుడు ఈ కోటను కట్టించెను. ఉన్నవారిని కొట్టి లేనివారికి పెట్టినవాడని ఆయనను గూర్చి జనులు నేటికిని కథలుగా చెప్పుకొందురు. కోట ఏడు అంచెలుగా నిర్మితమైనది. ఒక అంచె వాకిలి దాటి, మెట్లెక్కి, ఇక శిఖరమే యనుకొన్నంతలో మరియొక గోడ ఎదురగును. గోడలకు రాయిని దూరము నుండి తెచ్చిన పని లేదు. కొండనుండి చీల్చిన రాతినే కొండమీద పేర్చిరి. అందుచేత దిగువనుండి చూచువారికి ఎచ్చట కొండ ముగిసినదో, ఎచ్చట కోట మొదలైనదో తెలియదు.

నేను వెళ్ళినది వానలు వెనుకబట్టిన యొక ఉదయమున. రెండవ వాకిలి దాటి, ఆయాసము తీర్చుకొనుటకై ఒక గుండు నీడను కూర్చుండియుండగా, మేకలను తోలుకొని వచ్చుచున్న వృద్ధురాలొకతె నిలిచి, “యా ఊరు నాయనా మీది?” అని పలకరించినది. ఊరు చెప్పి, “పైన నీళ్ళున్నాయా అవ్వా?” అని అడిగితిని. “దొనల్లో ఉండాయి. మేకలకు తాపేదానికి మాకు అవే. బిరబిరా పోబాకు నాయనా, కొండ యాడికి పోతుంది?” అని, కర్రతో పైకి చూపి, మందను అదిలించుకొనుచు సాగిపోయినది. ఆ కొండను చూచుటకు అంతకంటె మంచి సలహా మరియెవ్వరును నాకు చెప్పలేదు. బిరబిరా ఎక్కువారికి గోడలు కానవచ్చును. మెల్లగా ఎక్కువారికి గాని దొనలు కానరావు.

దొన యనగా కొండరాతిపై వాననీరు నిలుచు గుంట. తెలుగు కొండసీమలలో ఎరుకైన మాట ఇది. నల్లరాయి నీటిని పీల్చుకొనదు. పగటి ఎండకు వేగి, రాత్రి చలికి చల్లారి, యుగములు గడచునప్పటికి ఉల్లిపొరవలె పొరలు పొరలుగా విచ్చును. విచ్చిన చోట పల్లమేర్పడును, పల్లమున వాననీరు నిలిచి రాతిని మరికొంత తినివేయును. ప్రకృతి చేసిన ఈ పనిని కోట కట్టినవారు అందిపుచ్చుకొనిరి. పల్లమును లోతుచేసి, వాలు వైపున రాతికట్టు పోసి, పైబండల మీద పడిన చినుకు ప్రక్కలకు జారిపోక నేరుగా దొనలోనికి వచ్చునట్లు దారి కుదిర్చిరి. ఇట్టి దొనలు గుడిబండ కోటలో 19 కలవని చెప్పుదురు. పై దొన నిండి పొర్లిన నీరు క్రింది దొనను నింపవలెనని వారి ఏర్పాటు; ఏతము వలదు, ఎద్దు వలదు, వాలు చూచుకొని నీరే నడచిపోవును.

నాలుగవ అంచె యొద్ద అట్టి దొన యంచున చాల సేపు నిలిచితిని. నీరు పైకి పచ్చగా పాచి కప్పినట్లుండినను, గాలి వీచి పాచి తొలగిన చోట అడుగున ఆకాశము కనబడుచుండెను. ఒడ్డురాతి మీద వేలు పెట్టి చూచితిని. అరిగిన యంచున ఉలిదెబ్బలు వరుసగా వ్రేలికి తగిలినవి. ఒక్కొక్క దెబ్బకు రాలినది చిటికెడు రాయి. అట్టి దెబ్బలెన్ని పడిన ఇంత గుంట యగును! ముట్టడి వచ్చినపుడు తుపాకిమందు లేని కోట నాలుగు దినములు నిలువవచ్చును, నీరు లేని కోట రెండు దినములును నిలువదు. కనుకనే దొనను తొలిచిన ఆ పేరులేని ఒడ్డెవాని పనియే కోటకు ప్రాణమని నాకు తోచినది.

శిఖరమున శివాలయము కలదు. రామచంద్రుడు ప్రతిష్ఠించిన 108 లింగములలో ఇదియొకటి యని పురజనుల విశ్వాసము. గుడి ముంగిట నిలిచి చూచినచో, దిగువ బైరసాగరము, బైరేగౌడ పేరుతోనే వెలసిన పెద్ద చెరువు, మన దేశపటమును నేలమీద పరచినట్లు అగపడును. యాత్రికులందరు చూచి ఆనందించు దృశ్యమిది. అయితే ఆకారమును చూచి తృప్తిపడి దిగిపోక, కొంచెము నిదానించి, కొండను చెరువును కలిపి చూడవలెను. బోడికొండ మీద కురిసిన వానలో దొనలు పట్టినంత పట్టగా, మిగిలినది జాలువారి వంకలై, వంకలు చెరువై, చెరువు నిండి మరవ పారిన నీరు దిగువ చెరువునకు పోవును. కోటలోపల పై దొనకును క్రింది దొనకును గల సంబంధమే కోటవెలుపల ఎగువ చెరువునకును దిగువ చెరువునకును కలదు.

ఈ వరుస బైరసాగరముతో ఆగిపోవునది కాదు. ఇచ్చటికి దక్షిణమున నున్న నందికొండల వరుసనే ఉత్తర పినాకిని పుట్టినది. మన పెన్న యదియే. 597 కిలోమీటర్లు నడచి, నెల్లూరు సీమను పండించి సముద్రమున కలియును. బాగేపల్లి మీదుగా పుట్టపర్తి వైపు సాగు చిత్రావతియు, కడప సీమకు పోవు పాపఘ్నియు ఈ జిల్లా కొండలలో పుట్టినవే. రెండును తుదకు పెన్నలోనే చేరును. దక్షిణ పినాకినియు పాలారును అరవదేశమునకు పోయినవి. నెల్లూరు అన్నమునకును ఈ బోడిగుట్టలకును చుట్టరికము కలదని మనలో నెందరికి తెలియును?

నందికొండ సముద్రమట్టమునకు 1478 మీటర్ల ఎత్తు. టిప్పు సుల్తాను బలపరచిన ఆ దుర్గమును 1791 అక్టోబరు 19న ఆంగ్లేయులు పట్టుకొనిరి. 1927లో అస్వస్థుడైన గాంధీమహాత్ముడు ఆ కొండగాలిలో విశ్రమించి కోలుకొనెను. కొండపాదమున, నంది గ్రామములో, తొమ్మిదవ శతాబ్దిలో మొదలై తరువాతి రాజవంశములు ఒకటొకటిగా పెంచుకొనివచ్చిన భోగనందీశ్వరాలయమును, దాని మెట్ల కోనేటిని తప్పక చూడవలెను. దానికి చేరువనే ముద్దేనహళ్ళి. మూసీ వరద 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట, ఎగువను జలాశయములు కట్టి నగరమును కాపాడు ఉపాయము చెప్పిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరది. ఆయనది తెలుగు కుటుంబము. నీటిని ఎట్లు నిలుపవలెనో ఈ కొండల క్రింద పుట్టినవారికి ఒకరు నేర్పవలసిన పని లేదేమో!

అట్టి సీమయే నేడు దాహమునకు గురియైనది. వంకలు పూడి, చెరువులు మేటవేసి, రైతులు వేయి అడుగులకు మించి గొట్టపుబావులు దింపినను నీరు పడుట అరుదైనది. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో లోతునుండి వచ్చు నీటిలో ఫ్లోరైడు అధికమై, పండ్లను ఎముకలను చెరచుచున్నది. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి గొట్టములద్వారా తెచ్చి ఈ జిల్లా చెరువులను నింపు ఏర్పాటు నేడు నడచుచున్నది. వాననీటిని మించిన మంచినీరు లేదు. ఆ సంగతిని మూడువందల యేండ్ల క్రిందటనే ఎరిగిన దొనలు కొండమీద నిలిచియే యున్నవి.

పోదలచిన వారికి కొన్ని మాటలు. సెప్టెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఎక్కుటకు అనువైన కాలము. సూర్యోదయమునకు ముందే మొదలుపెట్టి, బండ వేడెక్కక పూర్వమే దిగుట మేలు. వానకు తడిసిన రాయి పాచిపట్టి జారును. పట్టుగల చెప్పులు వేసికొనవలెను, పిల్లలను దొనల అంచులకు పోనీయరాదు. తేనెతుట్టెలున్న చోట పొగ పెట్టుటయు కేకలు వేయుటయు ప్రమాదము. వేసవిలో ఎండుగడ్డి మీద నిప్పు పడినచో కొండయంతయు తగులబడును. దిగిన పిమ్మట ఊరిలో రాగిముద్దయు బస్సారును తిన్నవారికి మెట్ల అలసట తెలియదు. రెండవ దినము మిగిలియున్నచో బాగేపల్లి తాలూకాలోని గుమ్మనాయకనపాళ్యము కోటకు గాని, చింతామణి తాలూకాలోని కైవారమునకు గాని పోవచ్చును. కైవారము భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురమని స్థలపురాణము. గాజుల మలారము మోసి బ్రదికి, కొండగుహలో తపస్సు చేసి, తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిన నారేయణ తాతయ్య ఊరు. అచ్చట ఆయన తెలుగు పదములు నేటికిని భజనలలో వినవచ్చును.

పాఠకులకు నాదొక్కటే విన్నపము. గుడిబండ ఎక్కునపుడు త్రాగునీరు మీతో మోసికొని పొండు. ఖాళీ సీసాను మీతోనే దించుకొని రండు. దొనలో చేయి కడుగకుడు, కాగితము పారవేయకుడు. మీరు దిగిన పిమ్మట ఆ అవ్వ మేకలు త్రాగవలసినది ఆ నీరే.